విజయవాడ తరలించిన తర్వాత

మామిడి కోతల రోజుల్లో జిల్లా పేజీలో ఒక చిన్న వార్త ఏటా కనిపిస్తుంది. ఫలానా ఊరి కూలీ తోటలో కాయలు కోస్తుండగా కొమ్మ విరిగి కింద పడ్డాడు, నడుముకు బలమైన దెబ్బ తగిలింది, మెరుగైన వైద్యం కోసం విజయవాడ తరలించారు. తాటిచెట్లు గీసే రోజుల్లో అదే వార్త ‘మోకు జారి’ అన్న మాటతో వస్తుంది. మనిషి పోతే మర్నాడు ఇంకో నాలుగు లైన్లు వేస్తారు. బతికితే ఇంకేమీ వేయరు. నడుము కింద స్పర్శ పోయి, మూత్రం వచ్చేదీ పోయేదీ తెలియక, ముప్పయ్యేళ్ల బతుకు ముందు పెట్టుకుని ఇంటికొచ్చిన మనిషి సంగతి పత్రికలకే కాదు, మన వైద్యవ్యవస్థకూ పెద్దగా పట్టదు. వెన్నుపాము గాయాల మీద గత ఎనభై ఏళ్లలో ప్రపంచం నేర్చుకున్నదాంట్లో సింహభాగం మాత్రం ఆ ఇంటికొచ్చాక గడిపే బతుకు గురించే.

నూజివీడు మామిడి సీమ అంటే నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, ఆ పక్కన రెడ్డిగూడెం, విస్సన్నపేట. 2022 జిల్లాల విభజనలో కొన్ని ఏలూరుకు, కొన్ని ఎన్టీఆర్ జిల్లాకు పోయినా తోటలు కలిసే ఉన్నాయి. బంగినపల్లి, చిన్నరసం, పెద్దరసం, కలెక్టరు కాయ ఏప్రిల్ నుంచి దిగుతాయి. అందినంతమేర కింద నిలబడి చిక్కంతో కోస్తారు. పాత తోటల్లో పైకొమ్మల కాయకు చెట్టెక్కక తప్పదు. అక్కణ్ణుంచి జారినవాడు ఎక్కువగా పిరుదుల మీదో కాళ్ల మీదో పడతాడు. ఒంటి బరువూ పడిన వేగమూ కలిసి ఛాతీ పూసలు ముగిసి నడుము పూసలు మొదలయ్యే చోట దెబ్బ తీస్తాయి. పూస నలిగి దాని ముక్కలు వెనక్కి, వెన్నుపాము మీదికి చొచ్చుకొస్తాయి. వెన్నుపాము ముగిసేది కూడా దాదాపు అక్కడే, ఒకటో రెండో నడుము పూస దగ్గర. కాళ్లు, మూత్రాశయం, మలద్వారం స్వాధీనం తప్పుతాయి, చేతులు మిగులుతాయి. ఈ చేతులు మిగలడం ఎంత పెద్ద సంగతో తర్వాత చూద్దాం. తలకిందులుగా పడ్డా, లోతులేని కాలువలోకి తల ముందు పెట్టి దూకినా మెడ విరుగుతుంది. అప్పుడు చేతులూ పోతాయి, మరీ పైపూసలైతే ఊపిరి కూడా.

ధనిక దేశాల్లో ఈ గాయాలకు చాలాకాలం వాహన ప్రమాదాలే మొదటి కారణం. మన దేశంలో చాలా ఆసుపత్రుల లెక్కల్లో ఎత్తు నుంచి పడటమే ముందుంటుంది. చెట్టు, మేడ, బావి, పరంజా అన్నీ అందులోకే వస్తాయి. తెలంగాణలో 2024 జులైలో గీత కార్మికులకు ‘కాటమయ్య రక్ష కవచం’ పేరిట తాళ్లూ పట్టీలూ ఉన్న రక్షణ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టారు. మామిడి కూలీ గురించి అలాంటి ఆలోచన నా ఎరుకలో లేదు. గీత కార్మికుడికి సంఘం ఉంది, వృత్తి పేరు ఉంది. కోత కూలీ సీజనుకు వచ్చి సీజనుతో పోతాడు. ఉద్యానశాఖ వాళ్లు దిగుబడి కోసం చెప్పే కొమ్మ కత్తిరింపులు, పొట్టి చెట్లను దగ్గర దగ్గరగా నాటే పద్ధతి కూలీ నడుమును కూడా కాపాడతాయి. కానీ ఒకటి రెండేళ్ల కాపు కొనుక్కున్న వ్యాపారికి, కొమ్మలు కత్తిరించిన చెట్టు మళ్లీ కాపుకొచ్చేదాకా ఆగే ఓపిక ఎక్కడిది?

దెబ్బ తగలకుండానే వెన్నుపాము చెడిపోయేవాళ్లు ఇంకో పెద్ద గుంపు. వీళ్లు వార్తల్లోకి అసలే రారు. మన ప్రాంతంలో ముందు చెప్పుకోవలసింది క్షయ. వెన్నుపూసల క్షయను 1779లోనే బ్రిటిష్ సర్జన్ పెర్సివల్ పాట్ వర్ణించాడు, ఆ జబ్బుకు ఇప్పటికీ ఆయన పేరే. నెలల తరబడి నడుము నొప్పి, సాయంత్రం జ్వరం, చిక్కిపోవడం, చివరికి వీపు మీద గూనిలా ఎముక పొడుచుకు రావడం, ఆ తర్వాత కాళ్లు తేలిపోవడం. ఆ నెలలన్నీ రోగి నూనె మర్దనాలతో, నొప్పి మాత్రలతో గడిపేస్తాడు. క్షయ తర్వాత చెప్పుకోవలసింది వెన్నుపాము వాపు. జ్వరం వచ్చి తగ్గిన కొద్దిరోజులకు, ఒక్కోసారి ఏ కారణమూ కనపడకుండానే, గంటల్లోనో రోజుల్లోనో నడుము కింద మొద్దుబారిపోతుంది. కణితులు, బి12 లోపం, వయసుతో మెడపూసలు అరిగి నరాన్ని నొక్కడం కూడా ఉన్నాయి. మెడ అరిగిన పెద్దాయన బాత్రూంలో చిన్నగా జారినా చాలు, ఎముక విరగకుండానే చేతులు పడిపోతాయి. కాళ్లకన్నా చేతులు ఎక్కువ బలహీనమవడం ఆ గాయం గుర్తు.

తెలుగునాట బాగా తెలిసిన కారణం ఇంకోటుంది, ఫ్లోరైడు. 1937లో వైద్యుడు షార్ట్ బృందం అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో, బావినీళ్లు తాగి ఎముకలు బిగుసుకుపోయిన మనుషుల గురించి రాసింది. తర్వాత నల్గొండ ఆ జబ్బుకు చిరునామా అయింది. హైదరాబాదు న్యూరోసర్జన్ డి. రాజారెడ్డి నరాల మీద దాని దెబ్బ గురించి ఏళ్ల తరబడి పనిచేశారు. ఎముక మందమై, నరాలు పోయే దారి ఇరుకై, ఇరవై ముప్పయ్యేళ్ల నీటి ఖరీదు కాళ్లు చెల్లిస్తాయి. ఆపరేషను చేసి ఇరుకు తీసినా ఫలితం పరిమితం. ఎముక రాయిలా ఉండి ఆపరేషనే కష్టం.

ఇన్ని కారణాలుంటే పునరావాసం కూడా కారణాన్నిబట్టి మారాలా? ఈ ప్రశ్నకు నిజాయితీగా రెండు జవాబులు చెప్పాలి. మొదటి వారాల్లో మారాలి, ఆశ ఎంత పెట్టుకోవాలన్న విషయంలో తప్పకుండా మారాలి. క్షయవల్ల కాళ్లు పడిపోయినవాడికి మందులు సకాలంలో మొదలుపెట్టి ఏడాదికి తగ్గకుండా వాడితే, అవసరమైతే చీముగడ్డ తీసేస్తే, నెలల తర్వాతైనా లేచి నడిచే అవకాశం బాగా ఉంది. అతణ్ణి మంచానికి రాసిచ్చేయడం నేరం. వెన్నుపాము వాపు వచ్చినవాళ్లలో స్థూలంగా మూడోవంతు బాగా కోలుకుంటారు, మూడోవంతు కొంత లోపంతో తిరుగుతారు, మూడోవంతు తీవ్ర వైకల్యంతో మిగులుతారు. చెట్టు మీంచి పడి వెన్నుపాము పూర్తిగా దెబ్బతిన్నవాడి లెక్క వేరు. కోలుకునేదాంట్లో ఎక్కువభాగం మొదటి ఆరు నుంచి తొమ్మిది నెలల్లోనే తేలిపోతుంది, మిగతాది రెండేళ్లదాకా నెమ్మదిగా సాగుతుంది. అందుకే ఎలా పడ్డాడన్న ప్రశ్నకన్నా ఎంత దెబ్బతిందన్న ప్రశ్న ముఖ్యం. ప్రపంచమంతా వాడే కొలబద్దలో ఏ నుంచి ఈ దాకా అయిదు మెట్లుంటాయి. మలద్వారం దగ్గర కొద్దిగా స్పర్శ మిగిలినా గాయం అసంపూర్ణమని, ఆశ ఉందని లెక్క. ఆ ఒక్క పరీక్ష చేయకుండా రోగికి గానీ ఇంటివాళ్లకు గానీ భవిష్యత్తు చెప్పకూడదు.

రెండో జవాబేమిటంటే, మొదటి వారాలు దాటాక కారణాల మధ్య గోడలు కూలిపోతాయి. బెంగళూరు నిమ్హాన్స్ వైద్యులు 2008లో దెబ్బవల్ల, జబ్బువల్ల వెన్నుపాము చెడిన రోగులను పక్కపక్కన పెట్టి చూశారు. ఆసుపత్రిలో ఉంచుకుని శిక్షణ ఇస్తే రెండు గుంపులూ రోజువారీ పనుల్లో మెరుగుపడ్డాయి. జబ్బువల్ల వచ్చినవాళ్లలో అసంపూర్ణ గాయాలు ఎక్కువ కాబట్టి కొన్ని చిక్కులు తక్కువుంటాయి. అంతకుమించి మూత్రాశయానికి, చర్మానికి కారణంతో పనిలేదు. మామిడికొమ్మ విరిగినా, క్షయ తిన్నా, కింద ఒత్తిడికి గురైన చర్మం ఒకేలా పుండవుతుంది.

విజయవాడ ఆసుపత్రిలో జరిగేది చాలామంది అనుకునేదానికన్నా పరిమితం. స్క్రూలు, రాడ్లు ఎముకను నిలబెడతాయి, నరం మీద ఒత్తిడి తీస్తాయి. ఇరవైనాలుగ్గంటల్లోపు చేస్తే ఫలితం మెరుగని 2012 తర్వాత ఆధారాలు బలపడ్డాయి. ఒకప్పుడు తప్పనిసరిగా ఎక్కించిన స్టెరాయిడ్‌ను 2013 నాటికి అమెరికా న్యూరోసర్జన్లే వద్దన్నారు. అయితే తెగిన వెన్నుపామును ఏ ఆపరేషనూ అతికించదు. ‘ఆపరేషన్ సక్సెస్’ అన్న మాట విని ఇంటిల్లిపాదీ కాళ్ల కోసం ఎదురుచూస్తూ కూర్చోవడం, ఆ ఎదురుచూపులో మూత్రాశయం పాడైపోవడం ఈ కథల్లో తరచు కనిపించే మలుపు. అంతకుముందే, చెట్టు కింద, ఇంకో నష్టం జరిగి ఉంటుంది. పడ్డవాణ్ణి చంకల కింద ఒకరు, మోకాళ్ల కింద ఒకరు పట్టి లేపి మోటారుసైకిలు మీద మధ్యలో కూర్చోబెడతారు. ప్రేమతోనే చేస్తారు. విరిగిన పూస అప్పుడు కదిలి మిగిలిన నరాన్ని కూడా కోసేయవచ్చు. 2005 నుంచి 108 ఉంది. అది వచ్చేదాకా మనిషిని కదిలించకుండా ఉంచాలి, తప్పనిసరైతే నలుగురు కలిసి దుంగలా ఒక్కసారిగా పొర్లించి తలుపు చెక్క మీద పడుకోబెట్టాలి. ఈ సంగతి కోతల ముందు ప్రతి తోటలో చెప్పడానికి డబ్బు ఖర్చు కాదు.

ఇక అసలు సంగతికొస్తే, అది మూత్రం. మొదటి ప్రపంచయుద్ధంలో వెన్ను విరిగిన సైనికుల్లో అత్యధికులు వారాల్లో, నెలల్లో పోయారు. పోయింది గాయంవల్ల కాదు, మూత్రపు ఇన్ఫెక్షన్లవల్ల, పుండ్లవల్ల. నాజీల నుంచి తప్పించుకుని ఇంగ్లండు చేరిన లుడ్విగ్ గుట్‌మన్ 1944లో స్టోక్ మాండవిల్‌లో వెన్నుపాము వార్డు తెరిచి, రెండు గంటలకోసారి రోగిని తిప్పించడం, మూత్రాశయాన్ని శుభ్రంగా ఖాళీ చేయించడం అనే రెండు మొండిపట్టులతోనే ఆ లెక్క తిరగరాశాడు. 1948లో ఆయన పెట్టించిన విలువిద్య పోటీయే పారాలింపిక్స్‌గా పెరిగింది. అందరికీ గుర్తున్నది ఆటలే.

వెన్నుపాము కింది చివర దెబ్బతింటే మూత్రాశయం సంచిలా వదులైపోతుంది. నిండి పొర్లుతుంది గానీ దానంతట అది ముడుచుకోదు. పైన దెబ్బతింటే అది తన ఇష్టానికి ముడుచుకుంటుంది, అదే సమయంలో కింది కండరం బిగుసుకుని దారి మూసేస్తుంది. లోపలి ఒత్తిడి పెరిగి మూత్రం వెనక్కి కిడ్నీల మీదికి ఎక్కుతుంది. బయటికి రెండిట్లోనూ పక్క తడవడమే కనిపిస్తుంది. మన దగ్గర రెండిటికీ ఒకటే మందు, పైపు. ఆసుపత్రిలో వేసిన పైపుతోనే ఇంటికి పంపుతారు, అది నెలలూ ఏళ్లూ ఉండిపోతుంది. ఇన్ఫెక్షన్లు, రాళ్లు, చలిజ్వరం. 1972లో అమెరికా యూరాలజిస్టు జాక్ లాపిడెస్ చెప్పిన మాట ఈ జ్ఞానశాఖలో పెద్ద మలుపు. సన్నని గొట్టంతో నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మూత్రాశయాన్ని ఖాళీ చేసి గొట్టం తీసేయాలి. ఆపరేషన్ థియేటరంత శుద్ధి అక్కర్లేదు, సబ్బుతో కడిగిన చేయి, శుభ్రమైన గొట్టం చాలు. మూత్రాశయం పొంగేదాకా నిండనివ్వకపోవడం క్రిములు లేకుండా చేయడంకన్నా ముఖ్యం. చేతులు మిగలడం పెద్ద సంగతని ముందన్నది ఇందుకే. మామిడిచెట్టు మీంచి పడ్డవాడు వారం శిక్షణతో ఈ పని తానే చేసుకోగలడు. ఆడవాళ్లకు మొదట్లో అద్దం కావాలి, కష్టం కూడా ఎక్కువే, అయినా నేర్చుకుంటారు. గడియారం చూసి నీళ్లు తాగడం, గడియారం చూసి ఖాళీ చేయడం, ఏడాదికోసారి కిడ్నీల స్కానింగ్. ఇంతే. ఈ ‘ఇంతే’ చెప్పేవాళ్లు లేక కిడ్నీలు పోగొట్టుకున్నవాళ్లు మన పల్లెల్లో తక్కువ కాదు.

చర్మం సంగతి ఇంకా కఠినం, ఎందుకంటే నొప్పి లేదు. పిరుదుల ఎముకల కింద, నడుము కింది త్రికపు ఎముక మీద, మడమల మీద కొన్ని గంటల ఒత్తిడికే కండ చచ్చిపోతుంది. పైకి ఎర్రమచ్చ కనిపించేసరికి లోపల గుంట పడి ఉండవచ్చు. మంచంలో రెండు గంటలకోసారి పక్క మార్చాలి, కుర్చీలో పదిహేను నిమిషాలకోసారి చేతుల మీద లేవాలి లేదా ముందుకు వంగాలి. మన ఊళ్లో దీనికి ప్రత్యేక శత్రువులున్నాయి. కాలిన బండ అరుగు, బండి సైలెన్సరు, ఒళ్లో పెట్టిన వేడి గిన్నె. నడుమ కుంగిన నులకమంచం పట్టె తొడకు ఒత్తుకుంటుంది, దాని మీంచి కుర్చీలోకి దిగడమూ కష్టమే. మలవిసర్జనకు రోజూ ఒకే వేళ, తిన్న అరగంటకు, వేలితో ప్రేరేపించి అలవాటు చేస్తారు. చెప్పుకోవడానికి సిగ్గుపడతారు గానీ నేర్చుకున్నాక బయటికి వెళ్లే ధైర్యం దాంతోనే వస్తుంది.

ఛాతీ ఆరో నరం దగ్గర గానీ ఆపైన గానీ గాయమైనవాళ్లకు రెండు ప్రమాదాలు ప్రత్యేకం. గాయం కింద చెమట పట్టదు. కోతల కాలపు ఎండలో రేకుల ఇంట్లో పడుకున్న మనిషికి జ్వరం లేకుండానే ఒళ్లు కాలిపోతుంది. తడిగుడ్డ, గాలి, నీడ అతనికి మందులే. రెండోది, మూత్రం బిగిసినా మలం గట్టిపడినా రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకుతుంది. తల పగిలే నొప్పి, మొహం ఎర్రబడటం, గాయం పైభాగాన చెమటలు. వెంటనే కూర్చోబెట్టి, బట్టలు వదులుచేసి, పైపు మెలిక పడిందేమో చూడాలి. ఈ మాట ఇంటివాళ్లకే కాదు, దగ్గర్లోని డ్యూటీ డాక్టరుకూ చాలాసార్లు రోగే చెప్పుకోవలసి వస్తుంది.

కొన్ని వారాలకు పడిపోయిన కాలు ఉన్నట్టుండి ఎగిరిపడుతుంది. ఇంట్లో పండగ. పైన మెదడు అదుపు తప్పి కింది కండరాలు తమంతట తాము బిగుసుకోవడం అది, కోలుకోవడం కాదు. ఈ తప్పుడు ఆశ దగ్గరే అమ్మకందార్లు ప్రవేశిస్తారు. లక్షలు పోసి స్టెమ్ సెల్ ఇంజెక్షన్లు వేయించుకోవడానికి తోట అమ్ముకునే కుటుంబాలున్నాయి. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం వెన్నుపాము గాయానికి అనుమతి పొందిన పరిశోధన బయట ఆ చికిత్స ఇవ్వకూడదు. పరిశోధనలో చేరినవాడి దగ్గర ఎవరూ డబ్బు వసూలు చేయరాదు. డబ్బడిగితే అది పరిశోధన కాదని గ్రహించాలి.

మన పొరుగునే ఉన్న ఉదాహరణలు చూస్తే ఈ పని మనవల్ల కాదనిపించదు. 1954లో కారు ప్రమాదంలో నడుము కింద చచ్చుబడ్డ వెల్లూరు వైద్యురాలు మేరీ వర్గీస్, చక్రాల కుర్చీలోంచే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేసి, న్యూయార్కులో పునరావాస వైద్యం చదివొచ్చి, 1960ల్లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో ఆ విభాగాన్నీ ఇన్‌స్టిట్యూటునూ నిలబెట్టింది. నౌకాదళ ఎంపిక పరీక్షలో 1975లో మెడ విరిగిన ఎస్. రామకృష్ణన్ తమిళనాడులోని తన ఊరు ఆయక్కుడిలో 1981లో అమర్ సేవా సంగం పెట్టాడు. ఇద్దరూ కుర్చీలో కూర్చునే కట్టారు. మనవైపు తిరుపతిలో 1985 నుంచి బర్డ్ ఆసుపత్రి ఉంది, హైదరాబాదులో నిమ్స్, ఇప్పుడు మంగళగిరిలో ఎయిమ్స్ ఉన్నాయి. అన్నిటికన్నా నాకు నచ్చింది బంగ్లాదేశ్‌లోని సావర్ పునరావాస కేంద్రం. వాలరీ టేలర్ అనే ఫిజియోథెరపిస్టు 1979లో మొదలుపెట్టింది. అక్కడ ఇంటికి పంపేముందు రోగిని పల్లె ఇల్లులాంటి చోట ఉంచుతారు. మట్టినేల మీద కుర్చీ తోయడం, నేలబారు పొయ్యి దగ్గర వండటం అక్కడే నేర్చుకుని వెళతారు. నూజివీడు తోట ఇసుకలో ఆసుపత్రి కారిడారు కోసం చేసిన సన్న చక్రాల కుర్చీ నాలుగు గజాలు కదలదు. శిబిరంలో ఒకే సైజులో పంచినది పిరుదుకు పుండు చేస్తుంది. కుర్చీ కూడా కొలత తీసుకుని చేయవలసిన వస్తువే.

చట్టం వైపు చూస్తే 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఉంది, వైకల్యం నలభై శాతం గానీ ఆపైన గానీ ఉంటే రిజర్వేషన్లు, రాయితీలు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000. ఇది చిన్న సహాయం కాదు, మెచ్చుకోవలసిందే. కానీ ఇందులో ఒక ఇరకాటముంది. క్యాలిపర్లు కట్టుకుని కర్రల సాయంతో నిలబడటం నేర్చుకున్నవాడు, నేర్చుకున్నందుకే 6,000 మెట్టుకు దిగిపోవచ్చు. వైకల్య శాతం తేల్చే సదరం శిబిరంలో డాక్టరు ముందు లేచి నిలబడాలా వద్దా అని ఒక మనిషి ఆలోచించుకోవలసి రావడం పునరావాసానికి ఎదురుపోటు. పింఛను శాతాన్నిబట్టి కాక, పైపులకు, దిండ్లకు, కుర్చీకి అయ్యే ఖర్చునుబట్టి ఉంటే ఈ చిక్కు తీరుతుంది.

ఇంట్లో మోసేది ఆడమనిషి. భర్త పడితే భార్య, కొడుకు పడితే తల్లి. ఆడమనిషే పడితే తరచు పుట్టింటికి చేరుతుంది, ఈ తేడా అందరికీ తెలిసిందే. దాంపత్యం గురించి ఏ డాక్టరూ నోరు విప్పడు. వెన్నుపాము గాయమైన స్త్రీకి కొన్ని నెలల్లో నెలసరి తిరిగొస్తుంది, గర్భం వస్తుంది, కాన్పును జాగ్రత్తగా చూసుకోవాలి అంతే. మగవాడికి కష్టమే గానీ వైద్య సాయంతో తండ్రి కావచ్చు. ఇరవై ఏడేళ్లవాడికి ఈ సంగతి కాళ్లంత ముఖ్యం. పని కూడా. మామిడి వ్యాపారంలో కూర్చుని చేసే పనులకు కొదవ లేదు. కాయ ఏరి గ్రేడు చేయడం, తూకం రాయడం, మండీలతో ఫోను బేరాలు. షెడ్డు గుమ్మంలో రెండు మెట్లు తీసి వాలు కట్టిస్తే చాలు.

నూజివీడు ఏరియా ఆసుపత్రి లాంటి చోట దీనికి కావలసింది పెద్ద యంత్రం కాదు. వారానికి ఒకరోజు క్లినిక్, ఒక ఫిజియోథెరపిస్టు, మూత్రం గొట్టాల సరఫరా, స్కానింగ్, డివిజన్‌లో వెన్నుపాము గాయమైనవాళ్ల ఒక జాబితా. వాటితోపాటు పదేళ్లుగా కుర్చీలో బతుకుతున్న ఒక మనిషికి నెల జీతమిచ్చి, కొత్తగా డిశ్చార్జి అయినవాళ్ల ఇళ్లకు పంపాలి. మంచం మీంచి కుర్చీలోకి ఎలా దిగాలో, గొట్టం ఎలా వేసుకోవాలో, పెళ్లాన్ని అరవకుండా ఎలా సాయమడగాలో అతనికి తెలిసినంత ఎవరికీ తెలియదు. ఆశా కార్యకర్తలకు పారితోషికమిచ్చే పద్దు ఉన్న వ్యవస్థలో ఇతనికీ ఒక పద్దు తెరవవచ్చు.